చిన్న టెలిస్కోప్‌కు ఎక్కువ పవరు ఐపీస్: మా మేడ మీద తేలిన లెక్క

మా మొదటి టెలిస్కోప్ అట్టపెట్టె మీద పసుపు అక్షరాలతో "525 రెట్లు" అని అచ్చువేసి ఉండేది. ఆ అంకెను చూసే దాన్ని కొన్నాను. ఆ అంకెను అందుకోవాలని ప్రయత్నించి, విసిగి, ఒక చలికాలమంతా దాన్ని బీరువా మీదికి ఎక్కించేశాను. విశాఖ సీతమ్మధారలోని మా మేడ మీదికి ఇప్పుడు ఎక్కుతున్నది వేరే టెలిస్కోప్. అయితే ఈ మధ్య తెలిసినవారు ఇద్దరు ముగ్గురు, పిల్లల కోసం కొన్న టెలిస్కోప్‌లో గురుగ్రహం ఆవగింజంత కనిపిస్తోందని, అది పెద్దగా కనబడాలంటే తక్కువ ఖర్చులో ఏ ఐపీస్ కొనాలని అడిగారు. వారికి ఫోనులో చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను.

ఇంటర్ భౌతికశాస్త్రంలో మనం అక్షి కటకం అని చదువుకున్నదే ఈ ఐపీస్. టెలిస్కోప్ నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే ఆవర్ధనం వస్తుంది. నా పాత టెలిస్కోప్ నాభ్యంతరం 700 మిల్లీమీటర్లు. దానితో వచ్చిన 4 మిల్లీమీటర్ల ఐపీస్ 175 రెట్లు ఇచ్చేది. దానికి ముందు, ఆవర్ధనాన్ని పెంచే బార్లో అనే కటకాన్ని, మూడు రెట్ల ప్లాస్టిక్‌దాన్ని, తగిలిస్తే 525 అయ్యేది. కాబట్టి పెట్టె మీది అంకెలో లెక్క తప్పు లేదు. కానీ దాని అద్దం వ్యాసం 76 మిల్లీమీటర్లే. అద్దం లేదా ముందు కటకం వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెండు రెట్ల ఆవర్ధనం వరకే ఏ టెలిస్కోప్ అయినా పనికివచ్చే వివరం చూపగలదని పరిశీలకులు చాలాకాలంగా పాటిస్తున్న హద్దు. అంటే దానికి 150 చుట్టుపక్కలే ఆఖరు. ఆ పైన బొమ్మ పెద్దదవుతుంది, కానీ కొత్త వివరమేదీ రాదు. మసక పెరుగుతుంది, వెలుతురు తగ్గుతుంది.

ఇప్పుడున్నది 130 మిల్లీమీటర్ల అద్దం, 650 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల న్యూటోనియన్, అంటే అద్దాలతో పనిచేసే టెలిస్కోప్. బల్ల మీద పెట్టుకుని చేత్తో తిప్పుకునే రకం. హద్దు లెక్కన 260 వరకు వెళ్ళవచ్చు. నిజానికి విశాఖలో ఏడాదికి ఎన్ని రాత్రులు 260 పనికివస్తుందంటే, నా అనుభవంలో ఒక చేతి వేళ్ళు చాలు. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు శ్లాబు రాత్రి పది దాటేవరకు వేడిని వదులుతూనే ఉంటుంది. పక్క మేడల ఏసీల నుంచి వచ్చే వేడిగాలి సరిగ్గా మనం చూసే దిక్కుకు అడ్డంగా లేస్తుంది. సాయంత్రం సముద్రపు గాలి కాసేపు జోరుగా వీచి, తరువాత నెమ్మదించి, ఆ పైన నేల మీది గాలి సముద్రం వైపు మళ్ళుతుంది. ఈ మార్పు జరిగే వేళ గ్రహం బిందె అడుగున పడిన నాణెంలా వణుకుతుంది. చుక్కలు మిలమిలా మెరిసే రాత్రి కవులకు మంచిదేమో గాని, ఎక్కువ పవరుకు అది పనికిరాని రాత్రి. అర్ధరాత్రి దగ్గరపడి, చుక్కలు కదలని దీపాల్లా నిలిచినప్పుడు 160 వరకు నిశ్చింతగా వెళ్ళవచ్చు.

మన ఊరికి ఒక మేలు కూడా ఉంది. విశాఖ అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు కావడంతో గ్రహాలు మనకు చాలా ఎత్తు నుంచి సాగుతాయి. 2026 జనవరి 10న గురుడు సూర్యుడికి ఎదురుదిక్కున మిథునరాశిలో నిలిచినప్పుడు, నడిరాత్రి ఇక్కడ దాదాపు నడినెత్తిన ఉన్నాడు. యూరప్ పరిశీలకులు చాలామంది గ్రహాలను దిగంతానికి దగ్గరగా, మందపాటి గాలిలోంచి చూడవలసి వచ్చే సంవత్సరాల్లో కూడా మనకు పలుచటి గాలే దక్కుతుంది. ఇదే ఊళ్ళో, డాబాగార్డెన్స్‌లో, గోడె వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో వేధశాల కట్టించి 4.8 అంగుళాల టెలిస్కోప్‌తో ఆకాశాన్ని పరిశీలించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని ఇక్కడి నుంచే గమనించారు. 4.8 అంగుళాలంటే దాదాపు 122 మిల్లీమీటర్లు. ఈ రోజు మా మేడ మీది టెలిస్కోప్ వ్యాసంలో దానికి తీసిపోనిదే అని తలచుకున్నప్పుడల్లా నాకు కొంచెం సిగ్గు, కొంచెం ధైర్యం కలుగుతాయి.

ఇక ఆవగింజ సంగతి. గురుడు దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 45 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వెడల్పు ఉంటాడు. దాన్ని 40 రెట్లు చేస్తే మామూలు కంటికి చంద్రుడు కనిపించేంత వెడల్పు వస్తుంది. నమ్మకం కుదరదు, ఎందుకంటే ఐపీస్‌లోని చీకటి వలయంలో పోల్చి చూసుకోవడానికి చెట్టూ పుట్టా ఉండవు. 130 రెట్ల దగ్గర గురుడు మూడు చంద్రుళ్ళంత వెడల్పు. రెండు ముదురు పట్టీలు, గాలి అనుకూలిస్తే వాటి అంచుల్లోని వంకరలు కనబడడానికి అది చాలు. ఈ టెలిస్కోప్‌లో 5 మిల్లీమీటర్ల ఐపీస్ 130 రెట్లు ఇస్తుంది, దానిలోంచి కంటికి చేరే కాంతిపుంజం మందం సరిగ్గా ఒక మిల్లీమీటరు. గ్రహాలకు సుఖమైన కొలత ఇదే. ఆ పుంజం మరీ సన్నబడితే మన కంటిలో తేలే నలకలే గ్రహం మీద పాకుతున్నట్టు కనిపిస్తాయి. నలభై దాటినవారికి ఈ బాధ మరీ ఎక్కువ. కాబట్టి మొదట కొనవలసిన ఎక్కువ పవరు ఐపీస్, అద్దం వ్యాసమెంతో అన్ని రెట్లు ఇచ్చేది, లేదా అంతకు కొద్దిగా తక్కువ ఇచ్చేది కావాలి. నా టెలిస్కోప్‌కు 5 లేదా 6 మిల్లీమీటర్లు. 700 నాభ్యంతరం గల 70 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్‌కు, అంటే కటకంతో పనిచేసే టెలిస్కోప్‌కు, 10 మిల్లీమీటర్లు.

నాభ్యంతరం తేలాక అసలు ఎంపిక మొదలవుతుంది. చవకగా దొరికే వాటిలో ప్లోసెల్ రకం చాలా పాతది, పేరున్నది. వియన్నాకు చెందిన గేయోర్గ్ సైమన్ ప్లోసెల్ 1860లో రూపొందించినది. బొమ్మ చక్కగా ఉంటుంది, సుమారు 50 డిగ్రీల దృష్టిక్షేత్రం (ఐపీస్‌లో కనబడే వలయం వెడల్పు) ఉంటుంది. కానీ అందులో కన్నును కటకానికి ఎంత దూరంలో ఉంచవచ్చో అది నాభ్యంతరంలో సుమారు ముప్పాతికే. 20 మిల్లీమీటర్ల ప్లోసెల్‌తో ఏ ఇబ్బందీ లేదు. అదే 4 మిల్లీమీటర్లదైతే కన్ను మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, అంటే గాజుకు దాదాపు అతికించాలి. నేను కొన్న మొదటి విడి ఐపీస్ అదే. శనిని చూపిస్తానని మా అత్తగారిని మేడ మీదికి పిలిచాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చివరికి "నా రెప్పవెంట్రుకలే కనిపిస్తున్నాయి బాబూ, శని మాత్రం లేడు" అన్నారు. మర్నాడు చూస్తే గాజు నిండా చెమట మరకలు. మన ఉక్కపోతలో కన్ను అంత దగ్గరగా పెడితే ఊపిరి ఆవిరికే కటకం మసకబారుతుంది.

అందుచేత 6 మిల్లీమీటర్ల కంటే చిన్న ప్లోసెల్‌ను నేను ఎవరికీ కొనమని చెప్పను. దానికి బదులు రెండు దారులున్నాయి. ఒకటి బార్లో. ఇంగ్లండు గణితవేత్త పీటర్ బార్లో పేరు మోస్తున్న ఈ కటకం టెలిస్కోప్ నాభ్యంతరాన్ని రెండు మూడు రెట్లు చేస్తుంది. పెద్ద ఐపీస్‌లోని సుఖం అలాగే ఉంటుంది. టెలిస్కోప్‌తో వచ్చిన 10 మిల్లీమీటర్ల ఐపీస్ ఫరవాలేదనిపిస్తే, రెండు గాజుకటకాలు అతికించి చేసిన రెండు రెట్ల బార్లో ఒక్కటి కొంటే 5 మిల్లీమీటర్ల పని జరిగిపోతుంది. ప్లాస్టిక్ కటకం ఉన్న బార్లో మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు.

రెండో దారి, కన్ను పదిహేను మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా చూడనిచ్చే కొత్త రకం ఐపీస్‌లు. వీటిలో గొట్టం చుట్టూ బంగారు రంగు గీత ఉన్న 66 డిగ్రీల 6 మిల్లీమీటర్లది, 9 మిల్లీమీటర్లది మన దేశంలో సులువుగా దొరుకుతాయి. నేను స్వబోనీ పేరుతో వచ్చే 6 మిల్లీమీటర్లది తీసుకున్నాను, మూడు వేల రూపాయల లోపే పడింది. 58 డిగ్రీల ప్లానెటరీ రకం ఇంకొంచెం ఖరీదు. నాలుగైదు మిల్లీమీటర్లు కావలసినవారికి అది బాగుంటుంది. అంచుల దగ్గర చుక్కలు కొద్దిగా సాగినట్టు కనబడతాయన్నది బంగారు గీత ఐపీస్ మీద నాకున్న ఫిర్యాదు. నాది ఎఫ్/5 టెలిస్కోప్ (నాభ్యంతరం అద్దం వ్యాసానికి అయిదు రెట్లు) కాబట్టి ఆ లోపం బయటపడుతుంది; ఎఫ్/10 వారికి అది దాదాపు తెలియదు. గ్రహాన్ని నడుమ ఉంచి చూసేవాడికి అంచులతో పని తక్కువ.

మరి 66 డిగ్రీలు ఎందుకు? మోటారు లేని టెలిస్కోప్‌లో భూభ్రమణం మన చేతికి పని పెడుతుంది. ఆకాశం సెకనుకు 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరుగుతూ ఉంటుంది. 150 రెట్ల దగ్గర, 40 డిగ్రీల ఐపీస్‌లో గ్రహం ఒక అంచు నుంచి మరో అంచుకు దాదాపు 64 సెకన్లలో దాటిపోతుంది. 66 డిగ్రీల ఐపీస్‌లో 105 సెకన్లు నిలుస్తుంది. నేను సరిచేసి పక్కకు జరగడం, మా అమ్మాయి పీట ఎక్కడం, ఒక కన్ను మూసుకోవడానికి తంటాలు పడటం, ఇవన్నీ ఆ నలభై సెకన్ల తేడాలోనే జరగాలి. నాభ్యంతరాన్ని 7 నుంచి 21 మిల్లీమీటర్ల వరకు మార్చుకోగల జూమ్ ఐపీస్ ఒక్కటే అన్ని పనులూ చేస్తుందని ఊరించే మాట నిజమే గాని, దాని చవక రకాల్లో దృష్టిక్షేత్రం ఇరుకు. రకరకాల పవర్లను పరీక్షించి తన కంటికి, తన మేడకు ఏది నప్పుతుందో తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం అది మంచి కొనుగోలే.

ఆరు మిల్లీమీటర్లు నా టెలిస్కోప్‌లో 108 రెట్లు. గాలి బాగున్న రాత్రి ఇంకొంచెం కావాలనిపించినప్పుడు నేను చేసే పని ఇది: చాలా బార్లోల్లో కింది కటకం భాగాన్ని మర తిప్పి విప్పదీయవచ్చు. దాన్ని ఐపీస్ అడుగున ఫిల్టరు బిగించే మరలోనే బిగిస్తే రెండు రెట్లకు బదులు సుమారు ఒకటిన్నర రెట్లు వస్తుంది. ఆరు నాలుగవుతుంది, 108 కాస్తా 162 అవుతుంది. ఒక ఐపీస్, ఒక బార్లో. నా ఎక్కువ పవరు పెట్టె అంతే.

కొన్న తరువాత కూడా బొమ్మ మసకగా ఉంటే తప్పు ఐపీస్‌దే అనుకోకూడదు. గదిలోంచి తెచ్చిన టెలిస్కోప్‌ను కనీసం అరగంట బయట ఉంచాలి. న్యూటోనియన్‌లో రెండు అద్దాలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి; 26 రెట్ల దగ్గర పట్టుకు దొరకని తేడా 130 దగ్గర శనిని తోకచుక్కలా మార్చేస్తుంది. శని వలయాల్లో నల్లటి కస్సీని చీలిక కనబడలేదని కూడా ఇప్పుడు దిగులు వద్దు. 2025 మార్చిలో ఆ వలయాలు భూమికి అంచు చూపాయి. అవి మళ్ళీ బాగా తెరుచుకోవడానికి కొన్నేళ్ళు పడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం సముద్రపు ఊళ్ళవారికి ప్రత్యేకం. టెలిస్కోప్‌తో వచ్చిన నా 25 మిల్లీమీటర్ల ఐపీస్‌ను తోలు సంచిలో ఉంచి, ఒక వానాకాలం మరచిపోయాను. తీసేసరికి కటకం లోపల సాలెగూడులాంటి బూజు. ఇప్పుడు ఐపీస్‌లను బిగుతు మూత ఉన్న డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచుతున్నాను. మంచు పట్టిన ఐపీస్‌ను తుడవకుండా, ఫ్యాను కింద ఆరిన తరువాతే మూత పెడతాను. ఆ పొట్లాలు కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చేవే. మా ఇంట్లో వాటిని పారేయవద్దని అందరికీ చెప్పి ఉంచాను.