ఓమరూ ఆవిరి పండుగలో ఒక పాత ఫైర్‌మన్

1978లో గుంతకల్లు లోకో షెడ్డులో క్లీనరుగా చేరినవాణ్ణి నేను. ఇంజను కింద దూరి, కాటన్ వేస్టుతో, కిరసనాయిలుతో కడ్డీల జిడ్డు తుడవడంతో మొదలైన ఉద్యోగం, పార పట్టి ఫైర్‌బాక్సులోకి బొగ్గు విసిరే ఫైర్‌మన్ పనిదాకా ఎదిగి, మీటరు గేజి వై.పి., వై.జి. ఇంజన్లు ఒక్కొక్కటే తుక్కుకు పోయిన తర్వాత డీజిల్ ఇంజన్ల మీద ముగిసింది. అందుకే క్రైస్ట్‌చర్చ్‌లో ఉంటున్న మా అమ్మాయి "నాన్నా, ఓమరూ అనే ఊళ్ళో ఆవిరి పండుగ జరుగుతుందట, మీరు తప్పకుండా చూడాలి" అన్నప్పుడు, పాత ఇంజన్లను వరుసగా నిలబెట్టి చూపిస్తారు కాబోలనుకున్నాను. అది ఇంజన్ల పండుగ కాదనీ, ఆవిరి యుగం ముగిసిపోకుండా ఇప్పటిదాకా సాగి ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించుకొని, ఆ ఊహకు తగిన వేషం కట్టేవాళ్ళ పండుగ అనీ, దాన్ని స్టీమ్‌పంక్ అంటారనీ కారెక్కిన తర్వాతే తెలిసింది.

జూన్ మొదటి వారం న్యూజిలాండ్‌లో చలికాలం. రాజుగారి పుట్టినరోజు పేరిట సోమవారం సెలవు కలిసివచ్చిన ఆ వారాంతంలో మేము దక్షిణానికి దాదాపు 250 కిలోమీటర్లు ప్రయాణం చేశాం. కాంటర్‌బరీ మైదానాలు, వాటి నిండా గొర్రెలు, ఆ తర్వాత పది పాయలుగా చీలి గులకరాళ్ళ మధ్య పారే వైటాకీ నది. దారిలో అమ్మాయి ఈ పేరు వెనుక కథ చెప్పింది. 1987లో కె. డబ్ల్యూ. జీటర్ అనే అమెరికన్ రచయిత, విక్టోరియా రాణి కాలపు నేపథ్యంలో తానూ తన మిత్రులూ రాస్తున్న విచిత్ర కల్పనలకు ఏదో ఒక పేరుండాలని, కంప్యూటర్ల భవిష్యత్తు కథలకు అప్పట్లో వాడుకలో ఉన్న సైబర్‌పంక్ అనే మాటను సగం సరదాగా మార్చి, ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో స్టీమ్‌పంక్ అన్నాడట. కథల్లో పుట్టిన ఆ మాట తర్వాత బట్టల్లోకి, నగల్లోకి, ఇంటి సామాన్లలోకి, చివరికి ఇలా ఊరి వీధుల్లోకి దిగింది.

వాళ్ళ ఊహలకు ఆధారమైన వాటిలో నాకు బాగా నచ్చింది ఇంగ్లీషు గణితవేత్త ఛార్లెస్ బాబేజీ లెక్కల యంత్రం. పంతొమ్మిదో శతాబ్దంలో పళ్ల చక్రాలతో లెక్కలు కట్టే యంత్రానికి ఆయన నమూనాలు గీశాడు గానీ, బతికుండగా దాన్ని పూర్తి చేయలేకపోయాడు. లండన్ సైన్స్ మ్యూజియం వాళ్ళు ఆ నమూనాల ప్రకారమే అందులో లెక్క కట్టే భాగాన్ని తయారుచేసి, 1991లో ఆయన పుట్టిన 200వ ఏట నడిపి చూపించారు. అది నిజంగానే పనిచేసింది. ఆనాడే పనిచేసి ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న దగ్గరే ఈ ఊహంతా మొదలవుతుంది. షెడ్డులో పనిచేసినవాడికి ఆ ప్రశ్న అర్థం కాకపోవడానికి ఏమీ లేదు.

ఓమరూ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఊరి పాతభాగమంతా ఒకే రకం తెల్లని సున్నపురాయితో కట్టినది. తవ్వి తీసినప్పుడు కలపలాగా రంపంతో కోయవచ్చుననీ, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుందనీ చెప్పారు. స్తంభాల పైభాగాల్లో ఆకులు, తీగలు చెక్కిన పనితనం చూస్తే ఆ మాట నమ్మబుద్ధి అవుతుంది. వీధులకు థేమ్స్, టైన్, ఇచెన్ అంటూ ఇంగ్లండు నదుల పేర్లు పెట్టుకున్నారు. ధాన్యం, ఉన్ని ఎగుమతి చేసే రేవుగా 1870లు, 80లలో ఊరు వెలిగింది. స్థాయికి మించిన అప్పులు చేసి అంత త్వరగానూ చితికింది. పాత భవనాలను పడగొట్టి కొత్తవి కట్టేందుకు ఎవరి దగ్గరా డబ్బు లేకపోవడం వల్లనే అవి మిగిలాయి. 1974లో రేవుకు ఓడలు రావడం కూడా ఆగిపోయింది. పేదరికం కాపాడిన అందాన్ని తర్వాతి తరం ఇలా వాడుకుంటోందన్నమాట.

రేవు దగ్గర, 1883లో ధాన్యం నిల్వకు కట్టిన రాతి భవనంలో స్టీమ్‌పంక్ హెచ్‌క్యూ అనే ప్రదర్శనశాల ఉంది. 2011లో తెరిచారు. దాని ముందు ఒక రైలింజను ముక్కు ఆకాశంకేసి ఎత్తి, ఇప్పుడో ఇంకాసేపటికో ఎగిరిపోయేలా నిలబడి ఉంటుంది. రెండు డాలర్ల నాణెం వేస్తే కూత పెట్టి, పొగ వదిలి, నిప్పు కక్కుతుంది. చుట్టూ ఉన్న పిల్లలు కేకలు వేస్తుంటే నేను మాత్రం అలవాటు కొద్దీ వాటర్ గేజి గాజుగొట్టం ఎక్కడుందా అని వెతికాను. ఫైర్‌మన్ ఇంజనెక్కగానే మొదట చూసేది దాన్నే. బాయిలర్లో నీటిమట్టం తగ్గి ఫైర్‌బాక్సు పైకప్పు బయటపడితే, సీసపు ప్లగ్గు కరిగి ఆవిరి నిప్పు మీద పడుతుంది. అదీ కరగకపోతే మనుషులు మిగలరు. ఈ ఇంజనుకు నీళ్ళ బెంగ లేదు. ప్రదర్శనశాల లోపల చీకటి గదుల్లో తుక్కు ఇనుముతో చేసిన బొమ్మలు, ఒక్కో మీటకు ఒక్కో వింత శబ్దం పలికే గొట్టాల ఆర్గన్, అద్దాల మధ్య దీపాలు అంతులేకుండా కనిపించే ఒక గది ఉన్నాయి. ఆ గదిలో మా ఆవిడ పావుగంట కూర్చుంది. నేను ఆర్గన్ దగ్గర ఉండిపోయాను.

శనివారం హార్బర్ వీధి నిండా జనం. 2016 జూన్‌లో ఇక్కడే 228 మంది స్టీమ్‌పంక్ వేషధారులు ఒకచోట చేరి గిన్నిస్ రికార్డు నెలకొల్పారట. గొట్టాల్లాంటి ఎత్తు టోపీలు, నడుము బిగించిన కార్సెట్లు, వెయిస్ట్‌కోటుకు గొలుసు గడియారాలు, తోలు పట్టీలు, ఇత్తడి దుర్భిణులు. ప్రతి టోపీ మీదా ఒక జత గుండ్రని గాగుల్స్. ఒక్కరూ వాటిని కళ్ళకు పెట్టుకోరు, అది నాకు వింతగా తోచింది. తమకు తామే కెప్టెన్లనీ ప్రొఫెసర్లనీ బిరుదులిచ్చుకొని, ఎవరైనా పలకరిస్తే ఆ హోదాకు తగ్గట్టే జవాబు చెబుతారు.

ఒక పాతికేళ్ళ అమ్మాయి టోపీ మీద మూడు ఇత్తడి పళ్ల చక్రాలు అతికించి ఉన్నాయి, ముక్కోణంగా, ఒకదాని పళ్ళు మిగిలిన రెండింటి పళ్ళలోనూ చక్కగా కూర్చుని. నేను ఊరుకోలేకపోయాను. ఒకటి గడియారం ముల్లు తిరిగే దిక్కున తిరిగితే దాన్ని ఆనుకున్న రెండోది ఎదురు దిక్కున తిరగాలి. మూడోది ఆ రెండింటికీ ఎదురుగా తిరగాలి, అది కుదరదు గనుక మూడూ బిగుసుకుపోతాయి అని నాకు వచ్చిన ఇంగ్లీషులో, వేళ్ళతో అభినయిస్తూ చెప్పాను. మా అమ్మాయి సిగ్గుతో అటు తిరిగింది. ఆ పిల్ల మాత్రం శ్రద్ధగా విని, "తిరిగితే నా జుట్టంతా అందులో చిక్కుకుంటుంది కదండీ" అంది. సమాధానం సబబుగానే ఉంది. అయినా దేన్నీ తిప్పని చక్రం నాకు గుడికి రాని దేవుడిలా కనిపిస్తుంది, ఏం చేయను!

కానీ మరో ముసలాయన చేతికి తొడుక్కున్న తొడుగు దగ్గర నా అభిప్రాయం కొంత మారింది. కుళాయి బిగింపులు, రాగి గొట్టం ముక్కలు, కుట్టుమిషను భాగాలు, ఒక పాత ప్రెషర్ గేజితో ఆయన దాన్ని చేశాడు. వేలు మడిస్తే తీగ లాగుతుంది, తీగ లాగితే లివరు లేస్తుంది, లివరు లేస్తే మోచేతి దగ్గర చిన్న రేకు రెక్క విప్పుకుంటుంది. దాని వల్ల ప్రయోజనం ఏమీ లేదు. కానీ ఏది దేన్ని కదిలిస్తోందో కంటికి కనిపిస్తోంది. నేను రెండుసార్లు, మూడుసార్లు విప్పించుకొని చూశాను. ఆయన విసుక్కోలేదు, ఎక్కడ రివెట్టు కొట్టాడో, ఎక్కడ అతుకు పెట్టాడో తిప్పి తిప్పి చూపించాడు. ఈ వేషాల ఆకర్షణంతా ఇక్కడే ఉందని నాకనిపించింది. మా ఇంజనులో ఏదైనా తేడా వస్తే చెవితో వినేవాళ్ళం, చేత్తో తాకి వేడి చూసేవాళ్ళం, సుత్తితో కొట్టి మోత పట్టుకునేవాళ్ళం. ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోను చెడిపోతే దాన్ని విప్పడానికి కూడా మరలు కనిపించవు. లోపల ఏం జరుగుతోందో తెలియని వస్తువుల మధ్య పుట్టి పెరిగిన పిల్లలకు, అంతా బయటికి కనిపించే యంత్రం మీద మోజు కలగడంలో ఆశ్చర్యం లేదు. ఆ మోజుతో తుక్కు కొట్లలో వెతికి, స్వయంగా కోసి, అతికి, కుట్టి చేసుకుంటున్నారు. బజారులో తయారుగా దొరికే వేషం వేసినవాళ్ళను వాళ్ళలో వాళ్ళే కాస్త చులకనగా చూడటం గమనించాను.

మధ్యాహ్నం టీపాట్ల పందెం జరిగింది. రిమోటుతో నడిచే బొమ్మకారు మీద టీపాట్‌ను బిగించి, అడ్డంకులు దాటిస్తూ నడపాలి. అక్కడి పండుగల్లోనే పుట్టిన ఆట ఇది. పెద్ద పెద్ద టోపీల పెద్దమనుషులు మోకాళ్ళ మీద కూర్చుని, బోర్లాపడిన టీపాట్‌ను ఎంతో గంభీరంగా లేపి నిలబెడుతుంటే నవ్వాపుకోవడం కష్టమైంది. తర్వాత టీ ద్వంద్వయుద్ధం. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని, బిస్కెట్టును వేడి టీలో అయిదు అంకెలు లెక్కించేదాకా ముంచి, తీసి పట్టుకోవాలి. విరిగి పడకుండా ఎవరు ఎక్కువసేపు ఆగి నోట్లో పెట్టుకుంటే వారిది గెలుపు. ముప్ఫయ్యేళ్ళు స్టేషను బయట టీకొట్టులో బిస్కెట్టు ముంచుకుతిన్న ధీమాతో నేనూ కూర్చున్నాను. నా బిస్కెట్టు మొదటి రౌండులోనే చొక్కా మీద పడింది. వాళ్ళ బిస్కెట్లు మెత్తనివని ఇప్పటికీ నా వాదన.

ఆ సాయంత్రం మనసుకు కాస్త బరువనిపించిన సంగతి కూడా ఒకటుంది. ఖాకీ దుస్తులు, సోలా టోపీ, చేతిలో బెత్తంతో వేటకు బయలుదేరిన దొర వేషం ఒకాయన కట్టాడు. మర్యాదస్థుడు, ఇండియా నుంచి వచ్చామని తెలిసి ఎంతో ఆదరంగా మాట్లాడాడు. కానీ మా సీమలో ఆ టోపీకి వేరే జ్ఞాపకాలున్నాయి. 1871 నాటికే మద్రాసు, బొంబాయిల మధ్య రైలు మా ప్రాంతం మీదుగా పోతోంది. ఆ తర్వాత అయిదేళ్ళకు వచ్చిన ధాత కరువులో బళ్ళారి, అనంతపురం, కర్నూలు సీమల్లో ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. అదే కాలంలో దేశం నుంచి ధాన్యం ఆవిరి బళ్ళలో రేవులకూ, అక్కణ్ణించి ఇంగ్లండుకూ ఎగుమతి అవుతూనే ఉంది. మా జేజి ఆ కరువు కథలను తన జేజి నోట విన్నట్టు చెప్పేది. వాళ్ళ ఊహాలోకంలో ఆవిరి ఉంది, ఇత్తడి ఉంది, ఓడలున్నాయి. బొగ్గు మోసినవాడు, పట్టా కింద స్లీపరు మోసినవాడు మాత్రం కనిపించడు. మసి లేదు. ఈ మాట మా అమ్మాయితో అంటే, ఈ శైలిలో రాసేవాళ్ళలోనూ, వేషం కట్టేవాళ్ళలోనూ దీన్ని గురించి వాదనలు చాలానే ఉన్నాయనీ, వలస దేశాల వైపు నుంచి అదే కాలాన్ని తిరగరాసేవాళ్ళూ ఉన్నారనీ చెప్పింది. బాగుంది, రాయనివ్వండి.

ఆదివారం ఉదయం ఊరికి దక్షిణాన 8 కిలోమీటర్ల దూరంలోని టొటారా ఎస్టేటుకు వెళ్ళాం. చలికాలం కావడంతో లోపలికి వెళ్ళే వీలు కుదరక, తెల్లరాతి కొట్టాలను బయటి నుంచే చూశాం. కానీ ఆ చోటి కథ నాకు పండుగ మొత్తం కంటే ఎక్కువ నచ్చింది. 1882లో న్యూజిలాండ్ నుంచి ఇంగ్లండుకు గడ్డకట్టిన మాంసం మొదటిసారి ఎగుమతి అయింది ఇక్కడి గొర్రెలతోనే. ఇక్కడ కోసి, రైల్లో పోర్ట్ ఛామర్స్ రేవుకు పంపి, డునెడిన్ అనే ఓడకెక్కించారు. అది తెరచాపల ఓడ. దాని లోపల మాత్రం రోజుకు మూడు టన్నుల బొగ్గు తినే ఆవిరి యంత్రం ఒకటి, గాలిని నొక్కి, వదిలి, సరుకు గదిని చల్లబరుస్తూ ఉంటుంది. నిప్పుతో చలిని పుట్టించడమన్నమాట! మొదటి ప్రయత్నంలో క్రాంక్ షాఫ్ట్ విరిగి, ఎక్కించిన మాంసమంతా దించి అమ్ముకోవలసి వచ్చింది. కొత్త షాఫ్టుతో ఫిబ్రవరి 15న బయలుదేరితే, పొగగొట్టం నిప్పురవ్వలు తెరచాపల మీద పడేవి. ఉష్ణమండలం దగ్గర చల్లగాలి సరుకంతటికీ అందడం లేదని గమనించిన కెప్టెన్ జాన్ విట్సన్, తానే గాలిగొట్టంలోకి పాకి, అదనపు రంధ్రాలు కోశాడు; చలికి కొయ్యబారిపోతే ఆయన్ను కాళ్ళకు తాడు కట్టి బయటికి లాగారు. 98 రోజుల ప్రయాణం తర్వాత లండన్‌లో దించినప్పుడు దాదాపు 5,000 కోసిన జంతువుల కళేబరాల్లో పనికిరాకుండా పోయినది ఒక్కటే. ఏ టోపీవాలా ఊహించగలడు ఇంతకంటే వింత యంత్రాన్ని? ఆ ఓడ 1890లో మళ్ళీ లండన్ బయలుదేరి, సముద్రంలో జాడ లేకుండా పోయింది.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి హార్బర్ వీధి పక్కనుంచి ఔత్సాహికులు నడిపే చిన్న రైలు సిద్ధంగా ఉంది. ఆ రోజు నిజమైన ఆవిరి ఇంజనే కట్టారు. ఫైర్‌మన్‌గా ఉన్న కుర్రవాడు నా చూపు గేజి మీదే ఉందని పసిగట్టి, గాజుగొట్టం వైపు బొటనవేలు చూపించి తల ఊపాడు. నీళ్ళు సగానికి పైగా ఉన్నాయి. నేను ఇంజనుకు దగ్గరి పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదురు బెంచీ మీద మూడు చక్రాల టోపీ పిల్ల. బండి కదిలి రేవు మలుపు తిరగగానే గాలి మావైపు తిరిగింది, తల బయటపెట్టకూడదని నలభయ్యేళ్ళుగా తెలిసినవాణ్ణే అయినా పెట్టాను, కంట్లో బొగ్గు నలుసు పడింది. మా ఆవిడ పైటచెంగు ఊది కంటికి అద్దుతుంటే, ఆ పిల్ల లేచి టోపీ మీది గాగుల్స్ విప్పి నా చేతిలో పెట్టింది. చక్రాలు మూడూ అలాగే బిగుసుకొని ఉన్నాయి. తోలుపట్టీ నా తలకు సరిపోయింది. మిగిలిన దారంతా, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ, తల బయటపెట్టే కూర్చున్నాను.