డాన్స్ బ్యాండ్ నుంచి తెర మీదికి

ఈమధ్య రాత్రుళ్లు నా హెడ్‌ఫోన్స్‌లో అమెరికన్ సినీ సంగీత దర్శకుడు హెన్రీ మాన్సినీయే. ఉక్కు ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు. ఫ్లూట్ నేర్పింది ఆ నాన్నే. యుద్ధం నుంచి తిరిగొచ్చి, 1946లో బ్యాండ్ లీడర్ గ్లెన్ మిల్లర్ పేరు మీద నడుస్తున్న డాన్స్ బ్యాండ్‌లో పియానో వాయించాడు, అరేంజ్‌మెంట్లు రాశాడు. 1952లో యూనివర్సల్ స్టూడియోలో చేరాడు.

'పింక్ పాంథర్' సినిమా థీమ్‌లో ఆ శాక్సఫోన్ పిల్లిలా అడుగులేస్తుంటే ఎన్నిసార్లు విన్నా ఒళ్లు పులకరిస్తుంది. కానీ నాకు ప్రాణం 'మూన్ రివర్'. పాడాల్సిన నటి ఆడ్రీ హెప్‌బర్న్ గాయని కాదు. ఆమె గొంతు ఎంతవరకు అందుకుంటుందో అంతలోనే ట్యూన్ కట్టాడు, 1961 సినిమా 'బ్రేక్‌ఫాస్ట్ ఎట్ టిఫనీస్'కి. ఆస్కార్ వచ్చింది. నాట్యం చేసేవాళ్ల అడుగులు చూస్తూ వాయించిన మనిషి కాబట్టే ఎదుటివాళ్ల ఊపిరి అంతలా పట్టుకున్నాడని నా నమ్మకం. వినండి, ఆమె పాడిందే వినండి.