స్టెప్నీకి హైలిఫ్ట్ జాకీ బిగించుకున్న నా అనుభవం

హైలిఫ్ట్ జాకీ అంటే, వరుస రంధ్రాలున్న పొడవాటి కడ్డీ మీద ఒక యంత్రభాగం మెట్టు మెట్టుగా పైకి పాకుతూ బండిని ఎత్తే జాకీ. మొదటి ఏడాది మొత్తం నాది బండి లోపల, వెనక సీటు కింద పడుకునే ప్రయాణం చేసింది. 48 అంగుళాల పొడవు, పిడితో కలిపి తూకం వేస్తే 13.5 కిలోలు ఉన్న ఆ ఇనుప వస్తువును రెండు బెల్టులతో కట్టి ఉంచేవాడిని. ఒకసారి రాళ్ల దారిలో గట్టిగా బ్రేకు వేయవలసి వచ్చింది. అప్పుడు ఒక బెల్టు జారిపోయి, జాకీ అడుగు ప్లేటు ముందు సీటు పట్టాలను ఢీకొట్టిన చప్పుడు వినగానే, దీనిని మనుషులు కూర్చునే చోట ఉంచకూడదని నిశ్చయించుకున్నాను.

బయట ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. పైకప్పు ర్యాక్ మీద పెడితే అంత బరువును తల మీదుగా ఎత్తి దించాలి, పైగా బండి గరిమనాభి ఇంకా పైకి పోతుంది. బానెట్ మీద బిగిస్తే చూపుకు అడ్డం వస్తుంది. ముందు బంపర్‌కు బిగిస్తే దారిలోని నీరూ బురదా మొదట దాని మీదనే పడతాయి. నా బండి చిన్న వీల్‌బేస్ ఫోర్ బై ఫోర్. పక్కకు తెరుచుకునే వెనక డోరు మీద స్టెప్నీ ఉంటుంది. ఆ చక్రం మీద జాకీని అడ్డంగా బిగించుకున్న బండ్లను చాలా చూసి ఉన్నాను కనుక, అది తేలికైన పనేననుకుని నేరుగా ఒక రెడీమేడ్ బ్రాకెట్ కొనేశాను. దాని రంధ్రాలు నా స్టడ్‌ల (స్టెప్నీ నట్లు ఎక్కే మర మేకుల) వరుసకు సరిపోలేదు, దాని చేయి కూడా నా టైరు ఉబ్బుకు చాలినంత పొడవు లేదు. దానిని పక్కన పడేసి, సొంతంగా చేయించుకుందామని వెల్డింగ్ పనిలో తల పండిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను.

ఆయన జాకీ వైపు కన్నెత్తి అయినా చూడలేదు. డోరును సగం తెరిచి, తాళం ఉండే అంచును రెండు చేతులతో పట్టి పైకి ఎత్తాడు. డోరు కదిలింది. "బాబూ, ముందు దీని సంగతి చూడు. జాకీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. స్కేలు పెట్టి కొలిస్తే ఆ అంచు దగ్గర 5 మిల్లీమీటర్ల లూజు తేలింది. పై కీలు పిన్నూ, దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్షూ అరిగిపోయి ఉన్నాయి. ఇంతకాలం నేను డోరు సరిగా పడటం లేదని తాళాన్ని తిట్టుకుంటూ వచ్చాను, కాని తప్పు కీలుది.

ఆ రాత్రి కూర్చుని వేసుకున్న లెక్కను ఇక్కడ కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఈ పని మొత్తంలో నేను ఆలోచించకుండా దాటేయబోయిన విషయం ఇదే. స్టెప్నీ బరువు 29 కిలోలు. దానిని మోయడానికే ఆ డోరును తయారు చేశారు. దానికి జాకీ, బ్రాకెట్ కలిపి మరో 17 కిలోలు చేర్చబోతున్నాను. ఈ కొత్త బరువు కీళ్ల వరుస నుంచి సుమారు 56 సెంటీమీటర్ల దూరాన వేలాడుతుంది. రెండు కీళ్ల మధ్య ఎత్తు 42 సెంటీమీటర్లు. డోరు తెరిచి ఉన్నప్పుడు ఆ బరువు పై కీలును బయటికి లాగుతుంది, కింది కీలును లోపలికి నొక్కుతుంది. 17ను 56తో గుణించి 42తో భాగిస్తే ఒక్కో కీలు మీద దాదాపు 23 కిలోల అదనపు లాగుడు వస్తుంది. బండి కదలకుండా ఉన్నప్పటి మాట ఇది. డోరు మూసి ఉంటే తాళం, రబ్బరు దిమ్మలు కొంత భారం పంచుకుంటాయి కాని, గుంతలో చక్రం పడిన ప్రతిసారీ ఆ భారం ఎన్నో రెట్లు పెరిగి, క్షణంలో తగ్గి, మళ్లీ పెరుగుతుంది. అరిగిన పిన్నును చావగొట్టేది ఈ కుదుపే.

కనుక మొదటి పని కీళ్ల మరమ్మతు అయింది. స్టెప్నీని దించి, డోరును కింద నుంచి చెక్క దిమ్మల మీద ఆనించి, రెండు కీళ్లకూ పిన్నులు, బుష్షులు మార్చాము. లూజు ఒక మిల్లీమీటరుకు తగ్గింది. స్టెప్నీ తిరిగి ఎక్కించాక కూడా డోరు ఒక వేలితో తోస్తే మూసుకోవడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత జాకీ స్థానం నిర్ణయించాలి. దీని కోసం అసలు జాకీని ఎత్తి పట్టుకుని తంటాలు పడే బదులు, 122 సెంటీమీటర్ల పొడవుకు కోసిన ఒక కర్రను టైరుకు తాడుతో కట్టి అటూ ఇటూ జరిపి చూసుకున్నాను. నిలువుగా కడితే కింది కొస బంపర్ కంటే దిగువకు వేలాడుతోంది. బండి నిటారు గట్టు దిగేటప్పుడు మొదట నేలకు తగిలేది అదే అవుతుంది. పై కొసేమో బ్రేకు లైటును కప్పేస్తోంది. అడ్డంగా కడితే బండి వెడల్పులోనే ఇమిడిపోయింది. అయితే డోరు తెరిచినప్పుడు కీళ్ల వైపు కొస బండి మూలకు గుద్దుకుంటుందేమోనని నాకు భయంగా ఉండేది. కర్రతో తెరిచి చూస్తే అటువంటిదేమీ జరగలేదు. జాకీ డోరు పలక నుంచి దాదాపు 35 సెంటీమీటర్లు వెనక్కి ఉంటుంది కాబట్టి, డోరు పూర్తిగా తెరుచుకునేసరికి అది బండి పక్కకు అంతే దూరం బయటికి వచ్చి నిలుస్తుంది. బండికి తగలదు గాని, పక్కన గోడ గాని మరో బండి గాని ఉంటే మాత్రం దానికి గుద్దుకుంటుంది. ఇప్పటికీ డోరు తెరిచే ముందు ఒకసారి ఆ పక్కకు తొంగి చూడటం నాకు అలవాటుగా ఉండిపోయింది.

కర్ర మరో సంగతి కూడా బయటపెట్టింది. సరిగ్గా చక్రం మధ్యన అడ్డంగా పెడితే దాని కొస డోరు పిడికి ఎదురుగా వస్తోంది, చేయి దూర్చడానికి సందు ఉండటం లేదు. అందుకని 9 సెంటీమీటర్లు పైకి జరిపాను. జాకీలో బరువంతా లేపే యంత్రభాగం దగ్గరే ఉంటుంది కనుక దానిని కీళ్ల వైపుకు తోసి ఉంచాలని కూడా అప్పుడే నిర్ణయించుకున్నాను. పైన చెప్పిన 56 సెంటీమీటర్లు అలా జరిపిన తర్వాత సరిచేసుకున్న లెక్క.

బ్రాకెట్ రూపం చాలా సాదా. స్టడ్‌లలో కూర్చునే 6 మిల్లీమీటర్ల ఉక్కు ప్లేటు, దాని నుంచి చక్రం మధ్య రంధ్రం గుండా బయటికి వచ్చే 50 మిల్లీమీటర్ల చదరపు ట్యూబు, ఆ ట్యూబు కొసన అడ్డంగా ఒక దళసరి పట్టీ, పట్టీ రెండు చివర్ల జాకీ కడ్డీ రంధ్రాల్లో దూరే 12 మిల్లీమీటర్ల బోల్టులు. ట్యూబు పొడవు తెలుసుకోవడానికి టైరు ఉబ్బు మీద అడ్డంగా ఒక తిన్నని పట్టీ ఆనించి, అక్కడి నుంచి స్టడ్‌ల తలం దాకా స్కేలు దించి కొలిచాను. బోల్టుల మధ్య దూరాన్ని జాకీ కడ్డీ మీదనే మూడు చోట్ల కొలిచి, కాగితం మీద కాక ఆ కడ్డీనే పట్టీ మీద పెట్టి గుర్తులు వేసుకున్నాను.

ప్లేటును చక్రానికి ముందు పెట్టాలా వెనక పెట్టాలా అన్నదాని మీద పెద్దాయనకూ నాకూ కొంత వాదన జరిగింది. ముందు పెడితే బిగించడం తేలిక. కాని చక్రం నట్టు ముఖం శంకువులా వాలుగా ఉంటుంది, చక్రం రంధ్రం కూడా అదే వాలుతో దానిని మధ్యకు తెచ్చి పట్టుకుంటుంది. వాటి మధ్య చదునైన ప్లేటు వస్తే నట్టు ప్లేటు అంచు మీద ఒక సన్నని గీత మేరకే ఆనుతుంది, అలా ఆనిన నట్టు ఎక్కువ కాలం బిగువుగా నిలవదు. చివరికి ప్లేటును వెనక, డోరు మీది స్టాండుకూ చక్రానికీ మధ్య పెట్టాము. రెండు వైపులా చదునే కనుక అక్కడ అది నిండుగా కూర్చుంటుంది. అయితే స్టడ్ పొడవులో 6 మిల్లీమీటర్లు ప్లేటు తినేసింది. నా స్టడ్‌లు 12 మిల్లీమీటర్ల మందమున్నవి, మర చుట్టుకు చుట్టుకు మధ్య 1.5 మిల్లీమీటర్లు, అంటే పట్టే చుట్లలో నాలుగు పోయినట్టు. ఇంతకుముందు తొమ్మిది చుట్లు పట్టే నట్టు ఐదే పట్టింది. స్టడ్ మందంతో సమానమైన పొడవైనా నట్టులో పట్టాలన్నది పాత నియమం. ఇక్కడ అది ఎనిమిది చుట్లు అవుతుంది. ఐదు చుట్ల మీద 46 కిలోలు వేలాడదీసే ధైర్యం నాకు లేదు కనుక 10 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవున్న స్టడ్‌లు వేయించాము. ఈ ఒక్క మార్పుకు ఒక పూట అదనంగా పట్టింది.

రంగు దగ్గర మాత్రం తప్పు చేశాను. తుప్పు పట్టకూడదన్న ఆత్రంతో బ్రాకెట్ మొత్తానికి, ప్లేటు రెండు ముఖాలతో సహా, ప్రైమరూ పైన రెండు పూతల నల్ల రంగూ దట్టంగా కొట్టాను. మాన్యువల్ చెప్పిన టార్క్‌కు (తిప్పే బలానికి) నట్లు బిగించి, మొదటి 50 కిలోమీటర్లు నడిపి వచ్చి పానా వేసి చూస్తే మూడు నట్లూ పావు చుట్టు తిరిగాయి. మళ్లీ బిగించి మరో 50 కిలోమీటర్లు నడిపితే మళ్లీ తిరిగాయి. చక్రం విప్పి చూస్తే స్టడ్‌ల చుట్టూ రంగు నలిగి, మైనంలా అంచులకు జరిగి, గట్టులా పేరుకుని ఉంది. నట్టు బిగువుకు లోపల రంగు పొర నలుగుతూ పలచబడేకొద్దీ ఆ బిగువు పోతూ వచ్చింది. ప్లేటు ఆనే ముఖాలను ఉక్కు కనబడే దాకా గీకి, పలచని ప్రైమర్ పూత ఒక్కటే ఇచ్చి తిరిగి బిగించాక నట్లు కదలలేదు.

చప్పుడు బెడద తర్వాత మొదలైంది. జాకీ పిడి కడ్డీకి కొట్టుకుంటూ రోడ్డు పొడవునా గంట మోగించింది. పిడినీ కడ్డీనీ కలిపి పట్టుకునే రబ్బరు క్లిప్పు ఒకటి వేస్తే అది ఆగింది కాని, దాని వెనక దాగి ఉన్న మరో చిన్న టకటక వినిపించింది. అది లేపే యంత్రభాగం కడ్డీ మీద అటూ ఇటూ జారుతున్న చప్పుడు. పైకీ కిందికీ మార్చే చిన్న మీటను నేను దించే స్థానంలో వదిలేశాను. ఆ స్థానంలో బరువు లేని జాకీ యంత్రభాగం కడ్డీ పొడవునా స్వేచ్ఛగా జారిపోతుంది. మీటను పైకి వేసి, యంత్రభాగానికి పట్టీకి మధ్య పాత టైరు ట్యూబు ముక్క ఒకటి ఇరికించాను. వెనక సీటులో కూర్చునే వాళ్లు జాకీ గురించి అడగడం మానేశారు. బోల్టుల కొసలకు మొదట రెక్కల నట్లే పెట్టాను, కాని అవి కుదుపుకు వదులయ్యాయి. ఇప్పుడు ఒక వైపు నైలాన్ లాక్ నట్టు, రెండో వైపు రెక్కల నట్టు వేసి, దాని బోల్టు కొసకు రంధ్రం చేసి చిన్న తాళం వేశాను. తాళంచెవి బండి తాళాలతోనే ఉంటుంది.

దుమ్ము సంగతి మాత్రం నేను బొత్తిగా ఊహించలేదు. బండి వెనక భాగం గాలికి చాటున ఉంటుంది కదా, శుభ్రంగా ఉంటుందనుకున్నాను. జరిగేది దానికి సరిగ్గా వ్యతిరేకం: నడుస్తున్న బండి వెనక గాలి ఒత్తిడి తగ్గి సుడులు తిరుగుతుంది, చక్రాలు లేపిన దుమ్మును అది వెనక డోరు మీదికి లాగేసుకుంటుంది. రెండు నెలల తర్వాత బిగింపు సరిచూసుకోవడానికి జాకీని దించి ఆడించబోతే, కడ్డీ రంధ్రాల్లోకి దూకవలసిన రెండు పిన్నుల్లో ఒకటి మట్టిలో బిగుసుకుపోయి బయటికి రానే లేదు. అది బండి కింద బరువు ఎత్తి ఉన్నప్పుడు తెలిసి ఉంటే నా పరిస్థితి ఏమయ్యేదో. కిరోసిన్‌తో, పళ్ల బ్రష్షుతో పిన్నులూ స్ప్రింగులూ కడిగి పలచని నూనె పట్టించాను. గ్రీజు జోలికి పోలేదు, ఎందుకంటే అది దుమ్మును పట్టి ఉంచి ముద్దగా మారుతుంది. యంత్రభాగం మట్టుకు కప్పేలా దళసరి గుడ్డ తొడుగు కుట్టించాను.

మొన్న ఒక ఇసుక వాగు ఒడ్డున వెనక చక్రం ఇరుసు దాకా దిగబడినప్పుడు ఈ బిగింపుకు అసలు పరీక్ష ఎదురైంది. తాళం తీసి, రెక్కల నట్టూ లాక్ నట్టూ విప్పి, జాకీని ఛాతీ ఎత్తు నుంచే దించడానికి నాలుగు నిమిషాలు పట్టింది. లాక్ నట్టు విప్పే పానా మాత్రం సామాను అడుగున ఉండి, దానిని వెతకడానికే అంతకు రెట్టింపు సమయం పట్టింది. ఇప్పుడు ఆ పానా డోరు లోపలి జేబులోనే ఉంటుంది. అడుగు ప్లేటు ఇసుకలో కూరుకుపోకుండా కింద చెక్క పలక వేశాను, మిగిలిన చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. పిడి ఆడించని ప్రతి క్షణం దానిని కడ్డీకి ఆనించి నిటారుగానే ఉంచాను. బరువు మీద ఉన్న ఆ పిడి చేజారితే ఎముక విరగడం ఖాయం. చక్రం కింద రాళ్లు పేర్చి, జాకీ దించి, బండి బయటికి తెచ్చుకున్నాము.

ఇంటికి వచ్చాక కడిగి, నూనె పెట్టి, తిరిగి బిగించే ముందు డోరును సగం తెరిచి అంచు పట్టి ఎత్తి చూశాను. లూజు ఒక మిల్లీమీటరు దగ్గరే ఉంది. ప్రతి వెయ్యి కిలోమీటర్లకూ ఆ కొలత తీసి, డోరు లోపలి వైపు పెన్సిలుతో రాసి పెట్టుకుంటున్నాను.