పాత మిద్దెలో చీరల దుకాణం

చెన్నై జార్జిటౌన్‌లో ఒక పాత మిద్దెను మా బాబాయి చీరల దుకాణంగా మార్పిస్తున్నారు. నేను ఆయనను కోరింది ముఖ్యంగా ఒకటే: ఫాల్స్ సీలింగ్ వేయించవద్దని. "ఏసీ గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడ దాచమంటావురా?" అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ భవనంలో అన్నిటికన్నా చూడదగినది దాని పైకప్పే. టేకు దూలాల మీద పలుచని చిన్న ఇటుకలను ఏటవాలు వరుసల్లో అంచుల మీద నిలబెట్టి, సున్నంతో అతికి, ఆపైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు కాంక్రీటును దిమ్మిస కొట్టి, బిళ్ళలు పరిచే ఈ పద్ధతిని మద్రాస్ టెర్రస్ అంటారు. అందం సంగతి అటుంచినా, దూలం కొన గోడలోకి దిగే చోట చెమ్మ చేరితే కలప ముందుగా అక్కడే పుచ్చుతుంది; ఆ పుచ్చును ఫాల్స్ సీలింగ్ ఏళ్ళ తరబడి మన కంట పడనీయదు.

గోడల విషయంలో నేను ఇంకా పట్టుబట్టాను. సున్నపు గోడ పీల్చుకున్న తేమను మళ్ళీ గాలిలోకి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే ఆ తేమ లోపలే చిక్కుకుని, ఉప్పు పేరుకుని, కొంత కాలానికి పూత ఉబ్బి పెచ్చులుగా రాలుతుంది. సముద్రపు గాలి తగిలే ఈ పేటలో ఆ బెడద మరీ ఎక్కువ. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం ఊరిన నీళ్ళు కలిపి పూత వేయగల మేస్త్రీలు తక్కువే, కూలీ ఖర్చూ ఎక్కువే. అయినా డబ్బు పెట్టవలసిన చోటు అదేనని నా నమ్మకం.

పాత కట్టడంలో కొత్త వ్యాపారం సాగదనేవారు మౌంట్ రోడ్డులోని హిగిన్‌బాథమ్స్‌ను చూడాలి. 1904 నాటి ఆ భవనంలో ఎత్తైన కప్పు కింద నేటికీ పుస్తకాలు అమ్ముతున్నారు. అదే రోడ్డులో 1897లో ఒక మందుల వ్యాపార సంస్థ కోసం కట్టిన భారత్ ఇన్సూరెన్స్ భవనాన్ని 2006లో కూల్చబోగా న్యాయస్థానం ఆపింది; వాడకం లేక అది శిథిలమవుతూ ఉండటం నన్ను ఎంతో బాధిస్తుంది. పాత స్పెన్సర్ భవనం 1983 అగ్నిప్రమాదంలో పోయింది. అందుకే పాత తీగలన్నీ తీయించి, కొత్తవాటిని గోడ చెక్కకుండా, పైకి కనబడే గొట్టాలలోనే వేయించమన్నాను; బాబాయి ఒప్పుకున్నారు.

ఇక మిగిలింది వీధి అరుగు. దాన్ని కొట్టించి నిలువెత్తు అద్దం పెట్టిద్దామని ఆయన ఆలోచన. నా ఆలోచన వేరు: కొనడానికి వచ్చిన కుటుంబంలో పెద్దవాళ్ళు కాసేపు కూర్చోవడానికి అరుగును ఉంచి, మెట్లెక్కలేనివారి కోసం పక్కన ఒక ర్యాంపు కట్టించి, అద్దాన్ని పాత కిటికీల చట్రాలలోనే బిగించవచ్చు. దీని మీద మా మధ్య చర్చ ఇంకా తెగలేదు. మేస్త్రీ వచ్చి కొలతలు తీశాక తేల్చుకుందామని అనుకున్నాం.