"నాకేమీ వద్దు" అనే ముందు

విడాకుల దాకా వచ్చిన ఆడవాళ్లలో చాలామంది మొదట అనేది ఒకటే మాట: "వాళ్ల పైసా నాకొద్దు, వదిలేస్తే చాలు." మొన్న మా కాలేజీలో పనిచేసే అమ్మాయి కూడా అదే అంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి, రాత్రంతా నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. ఆ మాట వెనకున్న అభిమానమూ అలసటా నాకు బాగా తెలుసు. అయినా ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడా చెబుతున్నాను. ఆ మాట ఇప్పుడే అనకండి. కాగితాలన్నీ ఒకచోట పెట్టుకుని, ఏది ఎవరిదో చూసుకునేదాకా అనకండి. పిల్లలుంటే వాళ్ల పోషణ, చదువు ఖర్చు వేరే లెక్క. దాన్ని వదులుకునే హక్కు తల్లికి కూడా లేదు.

నేను గుంటూరులో కామర్స్ లెక్చరర్ని. నాకు విడాకులై కొన్నేళ్లయింది, పాప ఇంటర్‌కి వచ్చింది. నేను లాయర్ని కాను, మీ కేసు సంగతి మీ లాయరే చెప్పాలి. కానీ ఆ లాయరు ముందు కూర్చునేసరికి మీ చేతిలో ఏం ఉండాలో చెప్పగలను. ఇంట్లో చెయ్యి చేసుకునే పరిస్థితి ఉంటే మాత్రం కాగితాల కోసం ఆగకండి. ముందు బయటపడండి, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. తర్వాత ఆ ఇంట్లో ఉండే హక్కు కోసం 2005 నాటి గృహహింస చట్టం కింద కోర్టుని అడగొచ్చు.

మొదట బంగారం సంగతి. పెళ్లికి ముందైనా, పెళ్లిలోనైనా, తర్వాతైనా పుట్టింటివాళ్లో, అత్తింటివాళ్లో, బంధువులో మీకు పెట్టింది స్త్రీధనం. అది పూర్తిగా భార్యదేనని సుప్రీంకోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. అత్తగారి బీరువాలో ఉన్నంతమాత్రాన అది ఆవిడది అయిపోదు. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024లో అదే కోర్టు ఇంకో సంగతి తేల్చింది. విడాకులైన కూతురి స్త్రీధనం తిరిగివ్వమని, ఆమె అధికారం ఇవ్వకుండా కన్నతండ్రి కూడా అడగడానికి లేదు. "మేం పెట్టాం, మేమే తేల్చుకుంటాం" అంటూ నాన్నలూ మేనమామలూ పెద్దమనుషుల దగ్గర కూర్చుంటారు చూడండి, అక్కడ మీరూ కూర్చోండి.

మాకు సగం బిల్లులు దొరకలేదు. అమ్మ పెళ్లి ఆల్బమ్ తెచ్చి మంచం మీద పరిచింది. ఒక్కో ఫొటో మీద వేలు పెట్టి తను చెబుతుంటే నేను నోటు పుస్తకంలో రాశాను. కాసులపేరు అమ్మమ్మది, కరిగించి మళ్లీ చేయించింది. వంకీలు మేనమామ పెట్టినవి. నల్లపూసల గొలుసు అత్తగారు పెట్టింది. పక్కనే సుమారు బరువు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఏ ఫొటోలో కనబడుతుంది. అప్పగింతల ఫొటో దగ్గరికి వచ్చేసరికి అమ్మ గొంతు పూడుకుపోయింది. ఇక చాల్లే, మూసెయ్యమంది. కాఫీ తాగి మళ్లీ మొదలుపెట్టాం. ఆ జాబితాని లాయరు టైప్ చేయించి విడాకుల ఒప్పందానికి జతచేశారు. వస్తువులు తిరిగిచ్చిన రోజు ఒక్కొక్కటీ దానితో సరిచూసుకుని సంతకాలు పెట్టాం.

మన వైపు పసుపు కుంకుమ కింద పొలం ఇస్తారు. నోటిమాటగా ఇచ్చేసి, కౌలు డబ్బు ఏటా అల్లుడికి పంపుతూ, పాస్‌బుక్ మాత్రం నాన్న పేరు మీదే ఉంచిన ఇళ్లు నేను చూశాను. ఇంకొందరు ఆ పొలం అమ్మి ఫ్లాట్ కొంటారు, రిజిస్ట్రేషన్ మాత్రం అల్లుడి పేరు మీద చేయిస్తారు. భర్త ఆస్తిలో సగం విడాకులప్పుడు దానంతటదే వస్తుందని చాలామంది అనుకుంటారు. మన రాష్ట్రాల్లో అలా రాదు. కోర్టు భరణం ఇప్పిస్తుంది గానీ ఆస్తి సగానికి సగం పంచదు. అందుకే ఆ ఫ్లాట్‌లోకి మీ పుట్టింటి డబ్బు వెళ్లిందని చూపించే బ్యాంకు స్టేట్‌మెంట్లు, పొలం అమ్మిన దస్తావేజు నకలు ఇప్పుడే సంపాదించండి. గొడవ ముదిరాక అడిగితే ఇంట్లో ఎవరికీ ఏదీ గుర్తుండదు.

హోమ్ లోన్ సంగతి చెప్పేవాళ్లు తక్కువ. అందులో మీ సంతకం కూడా ఉంటే, "వాయిదాలన్నీ భర్తే కడతాడు" అని ఒప్పందంలో రాసుకున్నా బ్యాంకు దాన్ని లెక్కచేయదు. ఆయన కట్టడం మానేస్తే నోటీసు మీకూ వస్తుంది, అప్పులు సరిగ్గా కడుతున్నామా అని చూపించే సిబిల్ స్కోరు మీదీ పడిపోతుంది. లోన్‌లోంచి మీ పేరు తీయిస్తారా, ఇల్లు అమ్మి తీర్చేస్తారా అన్నది ఒప్పందం మీద సంతకం పెట్టకముందే తేలిపోవాలి. జాయింట్ అకౌంటు ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా ఉంటే, మొత్తం ఒక్కరే తీసేసుకోవచ్చు. మీ ఒక్కరి పేరు మీద వేరే బ్యాంకులో అకౌంటు తెరిచి జీతం అందులో పడేలా చూసుకోండి. ఓటీపీలు ఎవరి ఫోన్‌కి వెళ్తున్నాయో కూడా చూడండి. విడాకులయ్యాక పీఎఫ్, బ్యాంకు, ఎల్ఐసీల్లో నామినీ ఎవరున్నారో చూసి మార్పించుకోండి.

"ఆయన జీతం ఎంతో నాకెప్పుడూ చెప్పలేదండీ" అనేవాళ్లు ఉద్యోగాలు చేసే ఆడవాళ్లలో కూడా ఉన్నారు. 2020లో రజనీష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వాళ్లకి పెద్ద ఆసరా. భరణం కేసులో భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌లో, అంటే ప్రమాణం చేసి ఇచ్చే పత్రంలో చూపించాలి. భరణం కూడా దరఖాస్తు పెట్టిన రోజు నుంచే లెక్కగట్టాలి. మీ జీతం కూడా ఉన్నదున్నట్టే రాయండి, దాస్తే తర్వాత మీ మాటకే విలువ పోతుంది. లాయరు ఫీజుకి భయపడి ఆగిపోకండి. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

హిందూ వివాహ చట్టం కింద ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలంటే ఏడాదైనా విడిగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కారణాలుంటే కోర్టు దాన్ని మాఫీ చేయొచ్చని 2017లో తీర్పు వచ్చింది. తొందరగా అయిపోతే బాగుండునని అందరికీ ఉంటుంది. కానీ "మిగతా డబ్బు తర్వాత ఇస్తాం" అనే మాటకు ఒప్పుకోకండి. కోర్టులో ఆఖరి వాయిదా రోజున డీడీ చేతికి వచ్చేలా ఒప్పందంలోనే రాయించండి.

ఇక మనసు సంగతి. ధైర్యంగా ఉండు అని ఊరికే చెప్పను. ఆ రోజుల్లో మన బుర్ర మన మాట వినదు, లాయరు చెప్పింది గుమ్మం దాటేసరికి మర్చిపోతాం. అందుకే ఒంటరిగా వెళ్లకండి. ఏడవకుండా పక్కన కూర్చుని రాసుకునే మనిషిని తీసుకెళ్లండి. నాకు మా చిన్నాన్న కూతురు వచ్చేది. "పిల్ల మొహం చూసైనా సర్దుకుపోవాల్సిందమ్మా" అనే ఫోన్లన్నీ తనే ఎత్తి, "అక్క పడుకుందండీ" అని పెట్టేసేది. ఆ ఒక్క సాయం నాకు ఎంత ఊపిరి పోసిందో!

శ్రావణ శుక్రవారం వాయనానికి మా వీధిలో నన్ను పిలవడం మానేశారు. బాధ కలిగింది, ఇప్పటికీ కలుగుతుంది. పై వాటాలో ఉండే పెద్దావిడ మాత్రం తాంబూలం పట్టుకుని తనే కిందికి దిగి వచ్చి బొట్టు పెట్టి వెళ్తుంది. ఆవిడ ముందు నేనేమీ దాచుకోను. అలాంటి మనిషి ఒక్కరున్నా చాలు, వెతుక్కోండి.

ఆదివారాలు పాప తండ్రి దగ్గరికి వెళ్లినప్పుడు చాలా కష్టంగా ఉండేది. అలవాటుగా ఇద్దరికీ బియ్యం పోసేసి, రాత్రికీ అదే తినేదాన్ని. నిద్ర పట్టక, తినబుద్ధి కాక వారాలు గడుస్తుంటే మాత్రం దాన్ని టెన్షన్ అనుకుని వదిలేయకండి. డాక్టరుని కలవండి. 14416 టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

అర్థంకాని బ్యాంకు కాగితమో లోన్ కాగితమో ఉంటే పేర్లు, నంబర్లు చెరిపేసి నాకు పంపండి. ఆదివారం మధ్యాహ్నాలు నేను ఖాళీయే, కూర్చుని చూసి చెబుతాను.