సగం గుర్తున్న వాక్యం కోసం వెతుకులాట: పని ఎంతవరకు వచ్చింది

నా దగ్గర టెక్స్ట్ ఫైళ్లు గుట్టగా పేరుకున్నాయి. చదువుతూ రాసుకున్న నోట్సు, స్కాన్ చేసిన పాత పుస్తకాల నుంచి, బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే ఓసీఆర్‌తో తీసిన పేజీలు, దాచుకున్న వ్యాసాలు. వాటిలో ఎప్పుడో చదివిన వాక్యం కావాలి, మాటలేమో సగమే గుర్తున్నాయి. మామూలు సెర్చ్‌కి ఒక్క అక్షరం తేడా వచ్చినా చేతులెత్తేయడమే తెలుసు. అందుకే తీరిక దొరికినప్పుడల్లా పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సొంతంగా ఒక సెర్చ్ టూల్ కట్టుకుంటున్నాను. ఏది పనికొచ్చింది, ఏది రాలేదు అన్నది ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు శుభ్రం చేయడం

వెతికే పద్ధతి ఎంత గొప్పదైనా టెక్స్ట్ చిందరవందరగా ఉంటే లాభం లేదు. యూనికోడ్ అంటే ప్రతి గుర్తుకీ ఒక అంకె (కోడ్ పాయింట్) ఇచ్చే ప్రమాణం. అందులో ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ దాచవచ్చు, రెండు ముక్కలుగానూ దాచవచ్చు. తెర మీద చూస్తే తేడా తెలియదు, సెర్చ్‌కి మాత్రం అవి వేరు. ఆ రెండు రూపాలనూ ఒకటి చేసే ఎన్ఎఫ్‌సీ నార్మలైజేషన్ నడిపితే ఆ గొడవ తీరిపోతుంది. పొల్లు తర్వాత కంటికి కనబడకుండా కూర్చునే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తుని తీసేశాను. అరసున్నలు తీసేసి, బండి ఱని మామూలు రగా మార్చాను.

సున్న సంగతి ఇంకాస్త పెద్దది. "సంబంధం" అన్న మాటను పాత పద్ధతిలో "సమ్బన్ధం" అని రాసిన పేజీలు కొన్ని ఉన్నాయి. పలికేది ఒకటే. కోడ్ పాయింట్లలో చూస్తే మొదటిది ఆరు, రెండోది ఎనిమిది. ఒకదాన్ని రెండోదిగా మార్చాలంటే నాలుగు దిద్దుబాట్లు కావాలి. అంత చిన్న మాటకి నాలుగు తప్పులు ఒప్పుకుంటే ఫైల్లో ఉన్నదంతా ఫలితమే అవుతుంది. కాబట్టి హల్లుకి ముందు వచ్చే అనునాసికపు పొల్లును ఆ హల్లు వర్గాన్ని బట్టి సున్నగా మార్చే నియమం పెట్టాను. అసలు పాఠాన్ని ముట్టుకోలేదు. శుభ్రం చేసిన కాపీ విడిగా ఉంటుంది, అందులోని ప్రతి గుర్తు అసలు పాఠంలో ఎక్కడిదో ఒక పట్టికలో ఉంటుంది. చూపించేటప్పుడు అసలుదే చూపిస్తుంది.

ఇంకో మాట: పైథాన్‌లో మామూలుగా వచ్చే, టెక్స్ట్‌లో నమూనాలు వెతికే రీ (re) మాడ్యూల్‌తో టెక్స్ట్‌ను మాటలుగా విడగొడితే గుణింతాల దగ్గరా పొల్లుల దగ్గరా మాట తెగిపోతుంది. విడిగా వేసుకునే రెజెక్స్ మాడ్యూల్‌కి ఆ జబ్బు లేదు.

దూరం లెక్క

ఒక మాట రెండో మాట కావాలంటే ఎన్ని గుర్తులు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి? లెవెన్‌స్టైన్ 1965లో చెప్పిన దూరం ఇదే. పక్కపక్క అక్షరాలు తారుమారు కావడాన్ని కూడా ఒకే తప్పుగా చూడడం అంతకు ఏడాది ముందే డామెరో చేశాడు. ఈ లెక్కను ఒక పట్టికలో చేస్తాం: మన పదబంధం పక్కన నిలువుగా, పాఠం పైన అడ్డంగా. మామూలు లెక్కలో దాని మొదటి వరసలో 0, 1, 2, 3 అని రాసుకుంటూ పోతాం. ఆ వరసంతా సున్నలు పెడితే మన పదబంధం పెద్ద పాఠంలో ఎక్కడ మొదలైనా శిక్ష పడదు. చివరి వరసలో అన్నిటికన్నా చిన్న అంకె ఎక్కడుందో అక్కడ మన వాక్యం ముగుస్తుంది. సెల్లర్స్ 1980లో చూపించిన ఈ కిటుకు నాకు భలే నచ్చింది. ఇంత చిన్న మార్పుకి అంత ఫలితం!

చిక్కల్లా వేగంతోనే. ఫైళ్లన్నిటి మీదా ఈ పట్టిక నింపుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. దానికి మందు సులువైన తర్కమే. మూడు తప్పులదాకా ఒప్పుకుంటున్నాం అనుకుంటే, పదబంధాన్ని నాలుగు ముక్కలు చేయాలి. మూడు తప్పులు నాలుగు ముక్కలనూ చెడగొట్టలేవు, ఒక్కటైనా చెక్కుచెదరకుండా ఉంటుంది. ఆ ముక్కలను ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ఉన్న, టెక్స్ట్‌ను మూడేసి గుర్తుల ముక్కలుగా దాచే ట్రైగ్రామ్ ఇండెక్స్‌లో వెతికి, దొరికిన చోట్ల మాత్రమే పట్టిక నింపుతున్నాను. ఈ ట్రైగ్రామ్ సదుపాయం 3.34 వెర్షన్ నుంచి ఉంది. మూడు గుర్తులకన్నా చిన్న ముక్క దానికి అందదు. "క్ష" ఒక్కటే మూడు గుర్తులు కాబట్టి తెలుగులో అది పెద్ద ఇబ్బంది కాదు.

తప్పులు ఒప్పుకుంటూ వెతికేవే అయినా బైట్లు లెక్కపెట్టే పాత ఏగ్రెప్ (agrep) లాంటి టూల్స్ తెలుగుకి పెట్టుకోకపోవడమే మంచిది. యూనికోడ్ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు. "ప" బదులు "వ" పడితే ఒక బైటే మారుతుంది, ఒక గుర్తు ఎగిరిపోతే మూడు బైట్లు పోతాయి. రెండూ ఒక్కో తప్పే అయినా లెక్క వేరుగా వస్తుంది.

ఓసీఆర్ పేజీలకు ఇదంతా చక్కగా పనిచేస్తోంది. చూడ్డానికి దగ్గరగా ఉండే ప-వ, మ-య లాంటి జంటలకు సగం తప్పే వేస్తున్నాను. ఆరు గుర్తులకు ఒక తప్పు చొప్పున ఒప్పుకుంటున్నాను, అంతకు మించితే చెత్త వస్తోంది.

జ్ఞాపకం చేసే తప్పులు వేరు

అసలు సంగతి ఇక్కడుంది. పై లెక్కలన్నీ చేతివేళ్లూ యంత్రాలూ చేసే తప్పుల కోసం పుట్టినవి. మనసు అక్షరం మార్చదు, మాటే మార్చేస్తుంది.

నాకు గుర్తున్నది: "కోపం వచ్చినప్పుడు ఉత్తరం రాయి, పంపకు". నోట్సులో ఉన్నది: "కోపంగా ఉన్నప్పుడు రాసిన ఉత్తరాన్ని మర్నాటిదాకా పంపకూడదు". దూరం లెక్కకి ఈ రెండూ పరాయివాళ్లే. విడిగా చూస్తే "పంపకు", "పంపకూడదు" మధ్యే దూరం మూడు. కానీ పైకి చదివితే ఎవరికైనా తెలిసిపోతుంది, అదే ఇది. గుర్తుండేది మాట మొదలు, పోయేది విభక్తీ క్రియ చివరా.

అందుకని ప్రతి మాట నుంచి మొదటి మూడు అక్షరాలు తీసుకుని, మూడోదాని గుణింతం కొట్టేస్తున్నాను. "ఉత్తరం", "ఉత్తరాన్ని" రెండూ "ఉత్తర" అవుతాయి. "పంపకు", "పంపకూడదు" రెండూ "పంపక". "కోపం" అన్నది "కోపంగా"కి మొదలు కాబట్టి దాన్నీ కలిసినట్టే లెక్కిస్తాను. "రాయి", "రాసిన" కలవవు, పోనీ. ఒత్తక్షరాన్ని ఒకటిగా చూసే నియమం నేనే రాసుకున్నాను. యూనికోడ్ నియమాల్లో అది 2023లో 15.1 వెర్షన్‌తో వచ్చింది, అన్ని లైబ్రరీలూ ఇంకా అందుకోలేదు.

ఆపైన పన్నెండు మాటల కిటికీని పాఠం మీద జరుపుతూ, అందులో ఎన్ని మొదళ్లు కలిశాయో చూస్తాను. వరస పట్టించుకోను, కుదిరితే కాస్త అదనపు మార్కు. అన్ని మాటలకూ ఒకే విలువ ఇస్తే "ఉన్న", "చేసి" లాంటివే గెలుస్తాయి. అందుకే ఫైళ్లలో అరుదుగా కనిపించే మొదలుకు ఎక్కువ మార్కులు. ఈ ఒక్క మార్పుతో కావలసిన వాక్యం ఫలితాల పేజీ అడుగు నుంచి పైవరసకు వచ్చింది.

మిగిలినవి

"ఉత్తరం" అని గుర్తుండి పుస్తకంలో "జాబు" అని ఉంటే ఇదేదీ పనిచేయదు. అలాంటి జంటలతో చిన్న పట్టిక మొదలుపెట్టాను. అర్థాన్ని బట్టి వెతికే ఎంబెడింగ్ మోడల్ కూడా పెట్టి చూశాను. కోపం గురించిన ప్రతి పేరానూ తెచ్చి ముందు పోస్తోంది. కావలసింది ఆ విషయం కాదు, ఆ వాక్యం. కాబట్టి ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టాను, పై రెండు పద్ధతులూ చేతులెత్తేస్తేనే పిలుస్తున్నాను.

ఇప్పుడు ప్రతి వెతుకులాటకీ ఒక లాగ్ రాస్తోంది: నేను టైప్ చేసింది, చివరికి నేను ఎంచుకున్నది, అది ఎన్నో వరసలో వచ్చిందన్నది. కిటికీ పన్నెండు ఉండాలా ఎనిమిది చాలా అన్నది ఆ లాగ్ మీద రెండూ నడిపి చూసి తేలుస్తాను.