ట్రైలర్‌లో మొదటి రాత్రి మన ఇంటి ముందే

సంక్రాంతి హడావిడి అయిపోయిన ఆదివారం. మా తమ్ముడి కూతురు (నాకు ఇంకా పాపే), అల్లుడు టిఫిన్ టైముకే వచ్చేశారు. మా టియర్‌డ్రాప్ ట్రైలర్ తీసుకుని హార్స్‌లీ హిల్స్ పోతాం అత్తా అని కొన్నాళ్లుగా ఒకటే ఫోన్లు. ఇస్తాను కానీ ముందు ఒక రోజంతా నా దగ్గర ఉండాలి, రాత్రికి మా ఇంటి ముందే అందులో పడుకోవాలి, ఆ తర్వాతే తాళాలు అని చెప్పాను. పాపకి కాస్త కోపమొచ్చింది. రానీ.

ఇదేం పెద్ద కారవాన్ కాదు. ముందు గుండ్రంగా, వెనక్కి పోయేకొద్దీ సన్నగా, నీటిబొట్టు ఆకారంలో ఉండే చిన్న పెట్టె. లోపల ఇద్దరికి పరుపు తప్ప నిలబడడానికి కూడా చోటుండదు, వెనక మూత పైకెత్తితే వంట చేసుకునే గట్టు. 1930లలో అమెరికాలో పుట్టిన బండి, చాలామంది ఇంటి దగ్గర సొంతంగా చేసుకునేవాళ్లు, ప్లైవుడ్ షీటు 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు కాబట్టి చాలా బండ్ల లోపలి కొలత కూడా దాదాపు అదే. ఇంత చిన్నది కదా, కారుకి తగిలించుకుని పోవడమే కదా అనుకుంటారు అందరూ. చిన్నదైనా వెనక బరువు బరువే.

అల్లుడు తెచ్చిన సామానంతా వెనక వంటగట్టు దగ్గరే సర్దేశాడు. 20 లీటర్ల నీళ్ల క్యాన్లు రెండు, ఐస్ బాక్సు, బియ్యం, గిన్నెలు. చూడ్డానికి పద్ధతిగానే ఉంది, వంట సామాను వంట దగ్గర. కానీ ట్రైలర్‌కి అది పనికిరాదు. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు ముందు కొస మీద, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే గుండు, హిచ్ బాల్ మీద పడాలి. మాది సామానుతో కలిపి 500 కిలోలు, కాబట్టి అక్కడ 50 నుంచి 75 కిలోలు ఉండాలి. మనం బరువు చూసుకునే మిషన్ మీద ఒక చెక్క దిమ్మ నిలబెట్టి దానిమీద ఆ కొస ఆనించి చూపించాను. 38. రెండు క్యాన్లూ తీసి పరుపుకి ముందు భాగంలో, కింద, కదలకుండా బెల్టుతో కట్టించి మళ్లీ చూస్తే 62. లీటరు నీళ్లంటే కిలో, ఆ 40 కిలోలు ఎక్కడున్నాయన్నదే ఇంత తేడా తెచ్చింది. ఆ అంకె కళ్లారా చూశాక అల్లుడు ఇక నేను చెప్పేదానికి అడ్డు చెప్పలేదు.

వెనక బరువెక్కువైతే ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. స్పీడు పెరగ్గానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది, కారుని కూడా లాగుతుంది. అప్పుడు టెన్షన్‌లో బ్రేకు గట్టిగా తొక్కినా, స్టీరింగ్ తిప్పి సరిచేయబోయినా ఇంకా ఊగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తీసి, వేగం దానంతటది తగ్గనివ్వాలి, ఆగాక సామాను ముందుకు సర్దాలి. పాప ఇది ఫోన్‌లో రాసుకుంది. మంచి పని.

మా లేఅవుట్ చివర ఖాళీ ప్లాట్ల దగ్గర రివర్స్ నేర్పించాను. స్టీరింగ్ కింది భాగాన ఒక చెయ్యి పెట్టుకుంటే ట్రైలర్ వెనక భాగం ఏ వైపు పోవాలో చేతిని ఆ వైపు జరిపితే చాలు, పైన పట్టుకుంటేనే కుడీ ఎడమా తికమక. మెల్లగా, కొంచెం కొంచెంగా. వంకర ఎక్కువైతే ముందుకు లాగి మళ్లీ మొదలుపెట్టాలి, లేకపోతే ట్రైలర్ ముడుచుకుని కారు బంపర్‌కి తగులుతుంది. మధ్యాహ్నం ఎండ ఎక్కేదాకా ఇదే పని. పాపకి అల్లుడి కంటే త్వరగా వచ్చింది.

అన్నం తిని (అనపగింజల కూర, సంగటి, ఈ కాలంలో ఇంకేం వండుతాం) మిగతావి చూసుకున్నాం. కాగితాలు ముందు. మోటారు వాహనాల చట్టంలో ట్రైలర్ కూడా వాహనమే, దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ ఆర్‌సీ కారులో పెట్టించాను. ఆపినచోట ట్రైలర్ చక్రాలకి అటూ ఇటూ అడ్డు పెట్టాకే కారు నుంచి విప్పాలి, ఈ వరస తప్పితే వాలులో బండి దానంతటది కదిలిపోతుంది. ఆ అడ్డు పెట్టకముందే, కారు తగిలించి ఉండగానే కుడి ఎడమలు సమం చేసుకోవాలి, కింద ఉన్న చక్రాన్ని పలక మీదకి ఎక్కించి. ముందు వెనకలు మాత్రం కారు విప్పాక జాకీతో.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా మాట్లాడాను. లోపల స్టవ్ వెలిగించకూడదు, చలిగా ఉందని కుంపటి అసలే పెట్టకూడదు. అంత చిన్న పెట్టెలో కార్బన్ మోనాక్సైడ్ చేరితే వాసన రాదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. వంట ఎప్పుడూ వెనక మూత కింద, బయట గాలిలో. పడుకునేటప్పుడు రెండు వైపులా కిటికీలు దోమతెర ఉంచి కాస్త తెరవాలి, లేకపోతే ఇద్దరి ఊపిరి తేమే పొద్దునకి గోడల మీద నీళ్లై పరుపు తడుస్తుంది. ఏసీ గురించి అల్లుడు అడిగాడు. మా బ్యాటరీ 12 వోల్టులు, 100 యాంపియర్ అవర్, అంటే లెక్కకి 1,200 వాట్ అవర్స్, లెడ్ యాసిడ్ కాబట్టి సగమే వాడుకోవాలి. చిన్న ఫ్యాను రాత్రంతా తిరుగుతుంది, లైట్లు, ఫోన్లు సరే, ఏసీ కుదరదు. అందుకే ఎండాకాలం మన వైపు ఈ బండి తీయను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, 2021 నవంబరులో స్వర్ణముఖి ఎలా పొంగిందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు, కాబట్టి ఏ కాలంలోనైనా వాగు ఒడ్డున మాత్రం బండి ఆపొద్దన్నాను. జనవరి, ఫిబ్రవరి మంచి కాలం.

సాయంత్రం టీ దగ్గర అసలు మాట చెప్పాను, మొదటిసారి హార్స్‌లీ హిల్స్ వద్దని. కొండ 1,200 మీటర్ల పైన ఉంది, మన తిరుపతి వైపు నుంచి పోతే భాకరాపేట ఘాట్, తర్వాత కొండ మలుపులు, మా ట్రైలర్‌కి సొంత బ్రేకులు లేవు, దిగేటప్పుడు మొత్తం బరువు కారు బ్రేకుల మీదే. చిన్న గేరులో దిగడం అలవాటయ్యాక పోవచ్చు. తలకోన అడిగారు, అది శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం, అడవిలో మన ఇష్టమొచ్చిన చోట రాత్రి ఆపకూడదు. పాప మొహం చిన్నబోయింది. నాకూ బాధగానే ఉంది, పిల్లల మొదటి ప్రయాణం కదా, కానీ క్షేమంగా తిరిగొస్తేనే రెండోసారి పోతారు.

బంగారుపాళ్యం దగ్గర మా అన్న మామిడితోట ఉంది, మొగిలి ఘాట్ ఇవతలే, ఘాట్ ఎక్కే పనే లేదు. మోటారు షెడ్డు దగ్గర నీళ్లు, బాత్రూం ఉన్నాయి. చెప్పులు బయట వదలకండి, తేళ్లు దూరతాయి, రాత్రి దిగితే టార్చి వేసుకునే దిగండి అన్నాను. సరే అత్తా అంది పాప చివరికి. వెంటనే అన్నకి ఫోన్ చేశాను. ఇప్పుడు పూత టైము, మందు కొట్టిన రోజు తోటలో పిల్లలు పడుకోకూడదు. మంగళవారం కొట్టిస్తున్నానమ్మా, ఆ వారం వద్దు, పై శనివారం పంపించు అన్నాడు. అదే ఖాయం చేశాం.